మనీ ప్లాంటు ఇంట్లో ఉంచుకోవచ్చా అయ్యగారూ?

రెండు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాము. నాట్లు, జ్వరాలు, రెండు భూస్థాపన కార్యక్రమాలు, వీటి మధ్య తీరిక దొరకలేదు.

ఈసారి వాక్య ధ్యానం రాద్దామని కూర్చున్నాము గాని, మీలో కొందరు అడిగిన ఒక ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక సందేశం పెట్టారు. ఎవరు పెట్టారో మనకు తెలుసు, ఆ బిడ్డ మంచి మనసుతోనే పెట్టాడు. అందులో ఉన్న సంగతి ఇది: మనం మనీ ప్లాంటు అని పెంచుకునే తీగకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు డెవిల్స్ ఐవీ, అంటే దయ్యపు తీగ; కాబట్టి విశ్వాసుల ఇళ్ళలో అది ఉండకూడదు; వెంటనే పీకి కాలవలో పారేయాలి; ఈ సందేశం పదిమందికి పంపాలి.

దాని తర్వాత మూడు రోజులు మాకు ఫోన్లే. రెండు ఇళ్ళవాళ్ళు అప్పుడే పీకేశారు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళిన ఒక సహోదరి వాయిస్ మెసేజ్ పంపింది. ఆమె ఉండే గది చిన్నది. కిటికీ తెరిస్తే ఎదురు గోడ. ఒక గాజు సీసాలో నీళ్ళు పోసి నాలుగు ఆకుల మనీ ప్లాంటు పెట్టుకుంది. "పచ్చగా కనబడేది ఆ ఒక్కటే అయ్యగారూ. తీసేయమంటే తీసేస్తానండి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ గొంతులో ఉన్నది మేము విన్నాము. ఇది చిన్న ప్రశ్న అనుకొని వదిలేయడానికి మనసు ఒప్పుకోలేదు.

ఉంచుకోండి. మా జవాబు అదే. ఎందుకు ఉంచుకోవచ్చో, ఎలా ఉంచుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ పేరు సంగతి. డెవిల్స్ ఐవీ అన్న పేరు ఇంగ్లీషులో ఉన్న మాట నిజమే. ఐవీ అంటే అక్కడి గోడల మీద పాకే ఒక తీగ. ఈ మొక్క ఎంత నిర్లక్ష్యం చేసినా చావదు, చీకటి మూల పెట్టినా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ముసలమ్మ ఒకామె చురుకైన మనవణ్ణి "వీడు దయ్యం పిల్లడు" అని ముద్దుగా తిట్టినట్టు అన్నమాట. ఆ మాట పట్టుకొని పిల్లవాణ్ణి ఇంట్లోంచి గెంటేస్తామా?

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. సెమినరీలో నేర్చుకున్న కొద్దిపాటి గ్రీకు ఇక్కడ అక్కరకు వచ్చింది. ఎపి అంటే మీద. ప్రెమ్నన్ అంటే చెట్టు మాను. చెట్టు మాను మీద ఉండేది అని అర్థం. ఆరియమ్ అనేది లాటిను మాట, బంగారు వన్నె కలది అని. ఆకు మీద పసుపు చారలు ఉంటాయి కదా, దాన్నిబట్టి. దయ్యం లేదు, డబ్బూ లేదు. చెట్టెక్కే పసుపు చారల తీగ, అంతే. ఈ గ్రీకు పేరు గుర్తుంచుకోండి, కిందికి వెళ్ళాక దానితో పని ఉంది.

దీని పుట్టిల్లు మోరేయా అనే దీవి. అబ్రాహాము ఇస్సాకును తీసుకొని వెళ్ళిన మోరీయా దేశం కాదు సుమా, వినడానికి ఒకేలా ఉన్నాయి గాని. ఇది పసిఫిక్ మహాసముద్రం నడుమ, తాహితీ దీవి పక్కన ఉంటుంది. సంఘ చరిత్ర చదువుకున్నవారికి తాహితీ పేరు తెలిసే ఉంటుంది. లండన్ మిషనరీ సొసైటీవారు తమ మొట్టమొదటి మిషనరీలను డఫ్ అనే ఓడలో పంపింది అక్కడికే. 1797లో వాళ్ళు ఆ ఒడ్డున దిగారు. అదే సొసైటీ పంపిన క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో మన విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగులోకి తర్జుమా చేయ మొదలుపెట్టారు. ఈ తీగను వాళ్ళు తెచ్చారని మేము అనడం లేదు. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లోకి ఇది ఎక్కిందే 1880లో. కానీ ఆ దీవుల పేరు వినగానే మాకు ఆ ఓడ గుర్తుకు వచ్చింది, రాశాము.

ఇక మన వాళ్ళు పెట్టిన పేరు. నిజం చెప్పాలంటే, మాకు దయ్యపు తీగ అన్న పేరుకంటే మనీ ప్లాంటు అన్న పేరుతోనే ఎక్కువ పేచీ. దయ్యమంటే భయపడి జనం దూరంగా పోతారు. డబ్బంటే దగ్గరకు వస్తారు. ఇది ఇంటికి ఆగ్నేయ మూల ఉండాలంటారు. తీగ కిందికి జారితే డబ్బు జారిపోతుందంటారు. ఆకు పండితే ఖర్చు వస్తుందంటారు. అన్నిటికంటే వింతది, కొన్న మొక్క, అడిగి తెచ్చుకున్న మొక్క కలిసిరావంటారు. దొంగిలించి తెచ్చుకున్నదే కలిసివస్తుందట! దొంగిలకూడదని పది ఆజ్ఞల్లో ఉన్న సంగతి సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయినా మందిరం వరండాలో పాస్టరమ్మగారు పెంచే తీగ ప్రతి బల్లారాధన ఆదివారం ఒక జానెడు పొట్టిదవుతోంది. ఎవరో అడగక్కరలేదు. పట్టణాల్లో ఉన్న మన బంధువుల అపార్ట్‌మెంట్లలోనూ ఇదే తంతు అని విన్నాము.

దొంగిలించిన ముక్క బాగా పెరుగుతుందన్న మాటలో ఒక్క సగం నిజం ఉంది. అది ముక్క కాబట్టి పెరుగుతుంది. మన చెరకు రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ముచ్చెలు ఎలా నాటుతాము? కణుపు ఉండేలా కోసి నాటుతాము. మనీ ప్లాంటూ అంతే. ఆకు పుట్టిన చోట ఒక కణుపు ఉంటుంది, దాని వెనక గోధుమరంగులో చిన్న మొటిమ లాంటి గాలి వేరు ఉంటుంది. ఆ కణుపు కింద ఒక అంగుళం వదిలి కోసి నీళ్ళలో పెడితే, మన వేడికి రెండు మూడు వారాల్లో తెల్లని వేర్లు దిగుతాయి. కణుపు లేకుండా వట్టి ఆకు తుంచి పెట్టారనుకోండి, అది చాలా రోజులు పచ్చగా ఉండి, కొన్నిసార్లు కాడకు వేర్లు కూడా వచ్చి, చివరికి మొక్క మాత్రం కాదు. అడిగి కోశారా, అడగకుండా కోశారా అన్నది ఆ కణుపుకు తెలియదు. అది కోసిన చేతికి తెలుసు.

ఇవన్నీ నవ్వుకొని వదిలేసే మాటలే కదా, మీరెందుకు ఇంత బరువుగా రాస్తున్నారని కొందరు అనవచ్చు. అందుకే ఒక కుటుంబం సంగతి చెప్పాలి. వారు రాయమంటేనే రాస్తున్నాము. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు.

ఆ ఇంటాయన రొయ్యల చెరువు చేస్తాడు. గృహప్రవేశానికి పెద్దకూతురు కడియం నర్సరీ నుంచి ఒక పెద్ద మనీ ప్లాంటు తెచ్చి ఇచ్చింది. అందమైన పింగాణీ కుండీ, పైన రంగు రాళ్ళు. ఆ ఏడు చెరువు బాగా పండింది. ఆ తీగ వచ్చిన వేళా విశేషమని ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్ళే, ప్రార్థన చేసేవాళ్ళే. ఆ మాట మాత్రం ఎవరూ దులిపేసుకోలేదు. మూడో ఏడు కొడుక్కి పెళ్ళి చేశారు. కోడలు వచ్చిన నాలుగో నెలలో చెరువుకు వైట్‌స్పాట్ తగిలి, పట్టుబడికి పదిరోజుల ముందు రొయ్య అంతా పోయింది. సరిగ్గా అదే నెలలో తీగ ఆకులు ఒకటొకటిగా పండి రాలడం మొదలైంది. ఇక చెప్పాలా? అత్తగారి నోట ఆ అమ్మాయి కాలి అడుగు గురించి ఒక మాట వచ్చింది. ఒకసారి వచ్చిన మాట రోజూ వచ్చింది. పాలు విరిగినా అదే, మోటారు కాలినా అదే. ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళిపోతానని పాస్టరమ్మగారికి ఫోను చేసి ఏడ్చింది.

మేమిద్దరం వెళ్ళాము. ప్రార్థన చేశాము. వాక్యం చెప్పడానికి బైబిలు తెరిచాము గాని, ఎదురుగా ఆ కుండీయే కనబడుతోంది. దాని దగ్గరకు వెళ్ళి రాళ్ళు పక్కకు తీసి వేలు పెడితే బురద. మురుగు కాలవ వాసన. అడుగున ఒక్క చిల్లు లేదు. పాస్టరమ్మగారు కుండీని వరండాలోకి లాగి ఒరిగిస్తే నల్లటి నీళ్ళు కారాయి. వేర్లు పట్టుకుంటే చేతికి ఊడి వచ్చాయి.

"రోజుకు ఎన్నిసార్లు పోస్తారమ్మా నీళ్ళు?" అని అడిగాము.

"పొద్దున్నే మొహం కడుక్కోగానే ఒక చెంబు పోస్తానండి. ఒక్కరోజు కూడా మానలేదండి" అన్నారు అత్తగారు.

గుమ్మం పక్కన నిలబడ్డ కోడలు మెల్లగా అంది, "సాయంత్రం నేనూ ఒక చెంబు పోస్తున్నానండి. ఎండిపోతే మళ్ళీ నన్నే అంటారని..."

ఆ మాట తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేము కూడా ఏమీ అనలేదు. అనవలసిన అవసరం కనబడలేదు. చిల్లు లేని కుండీలో రోజుకు రెండు చెంబులు, ఒకటి డబ్బు మీద ఆశతో, ఒకటి మనిషి మీద భయంతో. రొయ్యకు వచ్చింది వైరస్. తీగకు వచ్చింది ఊపిరాడకపోవడం. ఈ రెండింటికీ ఆ పిల్ల అడుగుకూ ఏ సంబంధమూ లేదని కుండీలోని ఆ వాసనే చెప్పింది, మా ప్రసంగం అక్కరలేకుండా.

కుళ్ళని తీగలు ఏరి, కణుపులు చూసి నాలుగు ముక్కలు కోసి సీసాలో పెట్టాము. అప్పు అలాగే ఉంది. అత్తగారు నోరు తెరిచి క్షమించమని అడిగినట్టు మేము వినలేదు. కానీ పోయిన నెల వెళ్ళినప్పుడు ఆ సీసా కోడలి గది కిటికీలో ఉంది, ఆ అమ్మాయి ఆ ఇంట్లోనే ఉంది. ఆ కుటుంబం కోసం ప్రార్థన మానకండి.

ఆ రోజు నుంచి, గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు మనీ ప్లాంటు కనబడితే మేము కుండీ అడుగున చెయ్యి పెట్టి చూస్తున్నాము. కాబట్టి పెంపకం గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

వేరు తాగడమే కాదు, ఊపిరి కూడా పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాలి. నీళ్ళు నిలిస్తే ఆ గాలి పోతుంది, వేరు ఉక్కిరిబిక్కిరై చస్తుంది, చచ్చిన వేరుకు బూజు పట్టి కుళ్ళు పైకి పాకుతుంది. మరి సీసాలో ఉత్త నీళ్ళలో ఎలా బతుకుతుందని మన యౌవనస్థుల్లో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. నీళ్ళలో పుట్టిన వేరు నీళ్ళకు అలవాటు పడి పుడుతుంది. పైగా తాజా నీళ్ళలో కొంత గాలి కరిగి ఉంటుంది. మట్టిలో పెరిగిన వేరును తెచ్చి కదలని బురదలో ముంచితే తట్టుకోలేదు. అందుకే కుండీకి చిల్లు ఉండాలి, సీసాలో నీళ్ళు మారుస్తూ ఉండాలి.

కుండీలో నీళ్ళకు రోజుల లెక్క పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు పోయవద్దు. పొడిగా ఉంటే అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, కింద పళ్ళెంలో నిలిచింది పారబోయండి. రోహిణి కార్తెలో మూడు రోజులకే అడగవచ్చు, ఈ వానల్లో పది రోజులైనా అడగకపోవచ్చు. ఆకులు వేలాడి మట్టి ఎండి ఉంటే దాహం. ఆకులు పండి మట్టి తడిగా ఉంటే నీళ్ళెక్కువ. ఈ తేడా తెలియకే సగం మొక్కలు పోతున్నాయి. ఆకు పండగానే అయ్యో అని మరో చెంబు పోస్తారు.

మట్టి విషయానికి వస్తే మన వైపు నల్లరేగడి ఒక్కటే వేయకండి, గట్టిపడి నీరు దిగదు. కోనసీమ బంధువులు ఉన్నవారు కొబ్బరి పొట్టు తెచ్చుకోండి. దానిలో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్ళతో కడిగి పిండాలి. సగం మట్టి, మిగతా సగం కొబ్బరి పొట్టు, ఇసుక, బాగా మాగిన ఎరువు. రెండు నెలలకొకసారి పైన ఒక గుప్పెడు వానపాముల ఎరువు. ఇక చాలు. టీ పొడి, గుడ్డు పెంకులు అని యూట్యూబ్‌లో చాలా చెబుతారు. చీమలు తప్ప మాకు ఏమీ కనబడలేదు.

వెలుతురు కావాలి గాని, పడమటి ఎండ నేరుగా పడకూడదు, ఆకు మాడుతుంది. తూర్పు కిటికీ శ్రేష్ఠం. గది మరీ చీకటైతే చావదు గాని, పసుపు చారలు పోయి ఉత్త ఆకుపచ్చగా మారుతుంది. ఆ పసుపు భాగంలో వెలుతురును ఆహారం చేసుకునే పచ్చదనం ఉండదు. వెలుతురు తక్కువైనప్పుడు మొక్క అలంకారం మానుకొని పనిచేసే ఆకునే వేస్తుంది. మన పేద ఇళ్ళల్లో తల్లులు చేసే పని ఇదే కదా, అనుకున్నాము ఒకసారి.

ఇప్పుడు ఆ గ్రీకు పేరు దగ్గరకు వద్దాము. చెట్టు మాను మీద ఉండేది. మన ఊరి కాలవ గట్టు మీద, పాత లాకుల దగ్గర, ఒక కొబ్బరి చెట్టును చుట్టుకొని పెద్ద పెద్ద ఆకుల తీగ ఒకటి ఉంది, చూశారా? ఒక్కో ఆకు విస్తరంత. అంచులు చీలి ఉంటాయి. అదేదో అడవి తీగ అనుకుంటారు అందరూ. అది మనీ ప్లాంటే. మన సీసాలోని అరచేయంత ఆకూ అదే జాతి. ఈ తీగ కిందికి వేలాడినంత కాలం ఆకులు చిన్నవిగానే ఉంటాయి, ఎన్నేళ్ళయినా ఒక రకంగా పిల్ల మొక్కే. ఒక మాను దొరికి, దానికి వేర్లతో పట్టుకొని, పైకి ఎక్కడం మొదలుపెట్టాకే పెద్దదవుతుంది. తగిన అడవిలో ఆకు మీటరు పొడవు దాకా పెరుగుతుందట. తమలపాకు తోటల్లో అవిశె చెట్లకు తీగలను ఎక్కించడం చూసినవారికి ఇది వింతగా ఉండదు. అది చెట్టు రసం తాగదు, బదనిక లాంటిది కాదు. ఊరికే పట్టుకుంటుంది. దింపు తీసేవాళ్ళకు మాత్రం కాళ్ళకు అడ్డమని కోపం, అది న్యాయమే.

ఇంట్లో కావాలంటే ఒక ప్లాస్టిక్ గొట్టానికి కొబ్బరి పీచు తాడు ఒత్తుగా చుట్టి, కుండీ నడుమ పాతండి. తీగ కణుపులను దానికి ఆనించి మెత్తని దారంతో వదులుగా కట్టండి. పీచు మీద రోజూ కాస్త నీళ్ళు చిలకరించండి. గాలి వేర్లు పట్టుకున్నాక వచ్చే ఆకు ముందటిదానికంటే పెద్దదిగా వస్తుంది. మా ఇంట్లో ఆ మొదటి పెద్ద ఆకు విప్పుకున్న రోజున పాస్టరమ్మగారు పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించారు. తీగ కిందికి జారితే డబ్బు జారిపోతుందన్నది ఉత్తమాట. కాని పైకి ఎక్కిస్తే ఆకు పెద్దదవుతుందన్నది నిజం. మూఢనమ్మకం ఎక్కడో ఒక మంచి గమనింపు పక్కనే కాపురం పెడుతుంది.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళు జాగ్రత్త. ఇది మన కంద, చేమ కుటుంబానికి చెందిన మొక్క. కంద కోస్తే చెయ్యి ఎందుకు దురద పెడుతుంది? కంటికి కనబడని సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి కాబట్టి. అవే ఈ ఆకులోనూ ఉన్నాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గాని, పాకే పిల్లలు దీన్ని నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. కుక్కపిల్లలకూ పిల్లులకూ అంతే. అందేలా పెట్టకండి. నమిలితే నోరు కడిగి, వాపు ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఇంకొకటి, సీసాలో నీళ్ళు. డెంగీ దోమ ఎక్కువగా ఇలాంటి శుభ్రమైన నిలవ నీళ్ళలోనే గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికొకసారి నీళ్ళు పారబోసి, సీసా లోపలి గోడలు తోమి, మళ్ళీ పోయండి. శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్తలు చెప్పి వెళ్తున్నారు కదా, ఆ రోజే ఇదీ చేయండి. ఈ సీజనులో మన సంఘంలోనే జ్వరాలు చూస్తున్నాము, తేలిగ్గా తీసుకోకండి. ఇది గాలిని శుభ్రం చేస్తుందన్న మాట కూడా అతిగా నమ్మకండి. 1989లో నాసావారు మూసిన పెట్టెల్లో పెట్టి పరీక్షించిన మాట నిజం. కానీ మామూలు గదిలో ఆ ఫలితం రావాలంటే మంచం వేయడానికి చోటు లేనన్ని కుండీలు కావాలని తర్వాతివాళ్ళు లెక్కగట్టారు. ఆయాసం ఉన్న పెద్దవాళ్ళ గదిలో కిటికీ తెరవండి.

కాలవలో పారేయమన్న ఆ సందేశం మాట ఒకటి మిగిలిపోయింది. దయచేసి ఆ పని చేయకండి. ప్రతి కణుపూ ఒక మొక్క అని చెప్పాము కదా. పక్కనున్న శ్రీలంకలో ఇది తోటలు దాటి అడవుల్లో పడి బెడదగా మారింది. మన కాలవలను కమ్మేసిన గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు అందంగా ఉందని ఎవరో ముచ్చటపడి తెచ్చుకున్నదే. వద్దనుకుంటే ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి. అంతకంటే ఎవరికైనా ఇచ్చేయడం మేలు.

ఈ మధ్య యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు మనీ ప్లాంటు చేతపట్టుకొని, ద్రాక్షావల్లి తీగెల మీద చక్కగా మాట్లాడాడు. వల్లి నుంచి తెగిన తీగ ఎండిపోతుందని చెబుతుంటే, చివరి బల్ల మీది ఒక చిన్నది లేచి, "మరి మీ చేతిలోది తెగిందే కదన్నయ్యా, ఆరు నెలల నుంచి మా ఇంట్లో బతికే ఉంది" అంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ప్రభువు ద్రాక్షతీగెను గురించి చెప్పాడు, దాన్ని ద్రాక్షతోటలోనే ఉంచుదాము. ప్రతి మొక్కనూ లాక్కొచ్చి పుల్పిట్టు మీద నిలబెట్టనవసరం లేదు. ఇదొక తెగినా బతికే తీగ. అలా చేశాడు దేవుడు దాన్ని, ఎందుకో ఆయనకే ఎరుక.

ఇంకా వింత ఏమిటంటే, ఇళ్ళల్లో ఇది పువ్వు పూయదు. పూత పుట్టడానికి కావలసిన జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని ఇది తనంతట తాను తగినంత తయారుచేసుకోలేదని 2016లో ఒక పరిశోధన తేల్చింది. ఆ మందును బయటి నుంచి చల్లితే పూసిందట. పువ్వు లేదు, గింజ లేదు. మరి ఇన్ని దేశాలకు ఎలా పాకింది? ఎవరో ఒకరు కోసి, ఎవరో ఒకరికి ఇచ్చారు. ఆ దీవి నుంచి ఏ ఓడలోనో, ఏ తోటమాలి చేతిలోనో, ఏ నర్సరీలోనో, ఏ వదినగారి సీసాలోనో. కాలవ గట్టున కొబ్బరి చెట్టెక్కినదీ, ఆ కోడలి కిటికీలోదీ, కువైట్‌లో గోడకు ఎదురుగా ఉన్న నాలుగాకులదీ, చేతి నుంచి చేతికి అందుకుంటూ వచ్చినవే.

కువైట్‌లోని సహోదరికి మేము ఇలా మెసేజ్ పెట్టాము: "తీసేయవద్దమ్మా. శుక్రవారం శుక్రవారం నీళ్ళు మార్చు. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకు." ఆమె మరునాడు ఫోటో పంపింది. ఐదో ఆకు చుట్ట విప్పుతోంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వరండాలో పన్నెండు సీసాలు పెడతాము. పాస్టరమ్మగారు మొన్న తీగ కత్తిరించి తయారుచేశారు. పీకేసుకున్న ఆ రెండు ఇళ్ళవాళ్ళు ముందు తీసుకోవచ్చు, తర్వాత కావలసినవారు. వేర్లు దిగినవి గోడ వైపు, ఇంకా దిగనివి మెట్ల వైపు ఉంటాయి. అడిగి తీసుకెళ్ళండి, ఎవరూ కాదనరు. సీసాలు మాత్రం తిరిగి తెచ్చివ్వండి, అవి ఆవకాయకు దాచుకున్నవి.